ఊరు మారిన గుమాస్తా

కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే మా ఆయన వేణుగోపాల్ గుమ్మంలో నిలబడి, బ్యాంకువాళ్లు ఒంగోలు బదిలీ చేశారన్నాడు. నీకేముంది, ప్లీడర్లు లేని ఊరుందా, ఎక్కడైనా టైపు కొట్టుకోవచ్చు అని కూడా అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్లికి ముందే మంగళగిరిలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరాను. అయిదేళ్లకు జీతం పన్నెండు వందలయింది. పెళ్లయ్యాక ఈయన ఉద్యోగం కోసం చీరాల వెళ్తే, అక్కడి ప్లీడరు మంగళగిరి అనుభవం మాకెందుకమ్మా అని ఎనిమిది వందల దగ్గర మొదలుపెట్టాడు. నాలుగేళ్లు నానా తిప్పలూ పడి పదిహేను వందలకు తెచ్చుకున్నానో లేదో, ఈయనకు గుంటూరు బదిలీ. ఆయన సర్వీసు ఇంక్రిమెంట్లతో సహా ఆయన వెంటే వస్తుంది. నాది మాత్రం ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా పనికిరాని డబ్బాలతోపాటు అక్కడే ఉండిపోతుంది. ఒళ్లు మండిపోయేది.

గుంటూరులో శ్రీమన్నారాయణ గారి ఆఫీసులో చేరినరోజే కరీమున్ గారిని చూశాను. అక్కడ పెద్ద గుమాస్తా ఆవిడే. ఊరికి కొత్త కదా, వెయ్యి ఇద్దాం అన్నారు ప్లీడరు గారు. కరీమున్ గారు ఒక కేసు కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. ప్రత్తిపాడు దగ్గరి మిరప రైతు రసూల్, కల్తీ విత్తనం అమ్మారని వినియోగదారుల ఫోరానికి వెళ్తున్నాడు. బిల్లు ఉంది, విత్తనం ప్యాకెట్టు లేదు. దాని మీది లాట్ నంబరు లేకపోతే కేసు నిలవదు. గుర్తు కోసం ఖాళీ ప్యాకెట్టు పుల్లకు గుచ్చి నారుమడి గట్టున పాతావా బాబాయ్ అని ఆయన్ను అడిగాను. పాతాను గానీ ఎండకు తెల్లబడిపోయిందని తీసుకురాలేదన్నాడు. మర్నాడు తెప్పించి మడత విప్పితే లోపల నంబరు శుభ్రంగా కనపడింది. చీరాలలో ఇలాంటి కేసులు నాలుగు చూశాను మరి.

ఆ ప్యాకెట్టు పట్టుకుని కరీమున్ గారు ప్లీడరు గారి గదిలోకి వెళ్లారు.

"ఊరికి కొత్తేగానండి, పనికి కొత్త కాదు. తొమ్మిదేళ్లూ లెక్కేసి ఇవ్వండి."

గొంతు పెంచలేదు, బతిమాలలేదు. జవాబు వచ్చేదాకా కదల్లేదు. నాకు రెండు వేలు ఖాయమైంది. ఆవిడ జీతం నాకన్నా మూడొందలే ఎక్కువని నెల తర్వాత తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. పాతికేళ్ల అనుభవం ఆవిడది. మీకోసం ఎప్పుడూ అడగలేదా అంటే, అడగొచ్చని తెలిసేసరికే ఇరవయ్యేళ్లు పట్టిందమ్మా అని నవ్వారు. అంత పెద్ద మనసు నేనింకెక్కడా చూడలేదు.

ఇది జరిగి రెండేళ్లు. వంకాయలు పోపులో వేసి, నేను గుంటూరులోనే ఉంటానని చెప్పాను. సీజన్ టికెట్టు తీసుకుని రోజూ రైల్లో వెళ్లిరండి, కుదరకపోతే అక్కడ గది చూసుకోండి అన్నాను. ఆ రెండు వేల చిల్లర కోసం రెండు కాపురాలా అని విసుక్కున్నాడు.

"ఒంగోలులో మీకు మళ్లీ చేరినప్పటి జీతమే ఇస్తారా?"

"అదేంటి, ఎందుకిస్తారు? పదేళ్ల సర్వీసు నాది."

"నాది పదకొండేళ్లు" అన్నాను.