ఆరో స్టెప్పు కింద రాసిన గమనిక

ఆమె రాసేది పుస్తకాలే కానీ అవి ఏ షాపులోనూ దొరకవు. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే మాన్యువల్స్ అవి. అందుకే అన్నయ్య ఆమెను "మా ఇంటి రచయిత్రి" అని ఏడిపించేవాడు. వదిన మాత్రం ఆ పుస్తకాలు చదివేది. చదవక తప్పదు కూడా. వదిన పనిచేసే లైబ్రరీలో వాడేది ఆడపడుచు కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేరే.

ఒక గురువారం ఆఫీసులో ఉండగా వదిన ఫోన్ చేసింది. ఆవిడ గొంతు మామూలుగా మూడిళ్లకు వినబడుతుంది. ఆ రోజు ఫోన్ చెవికి అదుముకున్నా సరిగ్గా వినబడలేదు.

"అమ్మడూ, ఒకసారి రాగలవా? వరుస పోయింది."

"ఏ వరుస వదినా?"

"పుస్తకాల కోసం పేర్లిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ల వరుస. ఎనభై ఆరు మంది. ఒక్క పేరూ లేదు."

ఆమె ఉన్నపళంగా బయల్దేరి వెళ్లింది. కౌంటరు మీద మాన్యువల్ తెరిచే ఉంది. ఆ రోజు గడువు తీరిన సభ్యత్వాలను మూసేసే పని పెట్టుకుంది వదిన. ఆరో స్టెప్పులో "శుభ్రం చేయి బటన్ నొక్కండి" అని ఉంది. నొక్కింది. దాని కిందే ఒక నీలం డబ్బా. "గమనిక: ఈ బటన్ నొక్కితే నిరీక్షణ జాబితా కూడా చెరిగిపోతుంది. ముందుగా దాన్ని ప్రింట్ తీసుకోండి."

ఆ వాక్యం రాసింది తనే. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

"నొక్కాక చదివాను," అంది వదిన. "చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నావేమే తల్లీ!"

కంపెనీకి ఫోన్ చేస్తే, పాత కాపీ తెచ్చి పెట్టగలం కానీ ఆదివారం నుంచి ఇచ్చిన పుస్తకాల లెక్కంతా పోతుందన్నారు. కొరివితో తల గోక్కున్నట్టే. ఇద్దరూ తల పట్టుకుని కూర్చున్నారు. అంతలో లైబ్రరీ పెద్దాయన అటుగా వచ్చాడు.

"మీ వదిన చాలా జాగ్రత్త మనిషమ్మా," అన్నాడు. "అందుకే ఆశ్చర్యపోయాను. పుస్తకంలో స్పష్టంగానే ఉంది, నేనే సరిగ్గా చదవకుండా నొక్కేశాను అని తనే వచ్చి చెప్పింది."

ఆయన వెళ్లేదాకా ఆగి, "అలా ఎందుకు చెప్పావు?" అంది ఆమె.

"మరేం చెప్పమంటావు? ఇంటి ఆడపిల్ల రాసినదాన్ని నలుగురిలో కడిగేస్తానా? కడగాల్సింది ఇంటికొచ్చాక కడుగుతాలే."

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గమనికలన్నీ స్టెప్పుల తర్వాతే రావాలి, అప్పుడే పేజీ చూడముచ్చటగా ఉంటుంది అని ఆఫీసులో వారం పాటు పోట్లాడి ఆ నియమం పెట్టించింది తనే. ఆ సంగతి వదినకు తెలియదు. అక్కడే చెప్పేసింది. వదిన ఆమె వైపు చూసి, "సరేలే, ముందు కాగితం తీయి," అంది.

శుక్ర, శనివారాలు ఆమె సెలవు పెట్టింది. వదిన కళ్లు మూసుకుని అల్మరాల వరుసలు తలుచుకుంటూ పేర్లు చెబుతూ పోయింది. మోకాళ్ల నొప్పులాయన తోటపని పుస్తకం కోసం, నర్సు పరీక్ష రాసే అమ్మాయి లావుపాటి పాఠ్యపుస్తకం కోసం. ఆమె రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. రిటైరైన బస్సు డ్రైవరు తన నంబరు మూడే అని, కానీ వెనకున్న పాపకు పరీక్షలు కాబట్టి ముందు ఆ పిల్లకివ్వమని చెప్పాడు. లెక్కల మాస్టారు ఒకాయన మాత్రం మొదటివాణ్ణి తనేనని గట్టిగా పట్టుబట్టాడు. వదిన ఫోన్ లాక్కుని, "మాస్టారూ, మీ ముందు మీ ఆవిడే ఉన్నారండీ," అంది. "అయితే ఆవిడకే ఇచ్చేయండమ్మా," అన్నాడాయన.

శనివారం మధ్యాహ్నానికి ఎనభై ఒక్క పేర్లు తేలాయి. మిగిలిన ఐదుగురూ వాళ్లే వస్తారంది వదిన. వచ్చారు కూడా.

పని అయ్యాక ఆమె మాన్యువల్ వదిన ముందు పెట్టి, ఇంకేదైనా పేజీ తీసి మామూలుగా చదవమంది. తను పక్కన కూర్చుని చూసింది. వదిన వేలు ఒకటి, రెండు, మూడు అంటూ నంబర్ల మీదే నడిచింది. నీలం డబ్బాల దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఇవి ఎందుకు చదవట్లేదు?"

"అవి నాకా? మీ కంపెనీవాళ్లు మీలో మీరు రాసుకునేవేమో అనుకున్నానే! అడుగడుక్కీ గమనిక అంటే ఎవరు గమనిస్తారు?"

"మరి ఆ ప్రింట్ సంగతి ఎక్కడ రాయమంటావు?"

వదిన ఆమెను వింతగా చూసింది. "అది చెయ్యాల్సిన పని కదా. పనైతే గమనిక ఎందుకు? దానికీ ఓ నంబరివ్వు. ఆరు, ప్రింట్ తియ్యి. ఏడు, బటన్ నొక్కు."

వెళ్లేముందు ఆమె తిన్నగా పెద్దాయన గదిలోకి నడిచి, తప్పు పుస్తకానిదే, అది రాసింది తనే అని చెప్పింది. వెనకే వచ్చిన వదిన, కాదండీ నాదేనండీ అంది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ తేల్చుకుని సోమవారం చెప్పండి," అన్నాడు. దారిలో వదిన ఆమె మోచేయి గట్టిగా గిల్లి, ఆ చేతినే పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు.

సోమవారం ఆఫీసులో ఆమె మాన్యువల్‌లోని గమనికలు లెక్కపెట్టింది. నూట నలభై మూడు! గమనికల నియమం మార్చాలంది. మేనేజరు విని, "ఈ నియమం నువ్వు పెట్టిందే కదమ్మా?" అంది. ఆమె వాదించలేదు. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి కంప్యూటర్లో ఉంచిన నకిలీ లైబ్రరీ తెరిచి, పాత మాన్యువల్ చూసి సభ్యత్వాలు మూయమని మేనేజరునే కూర్చోబెట్టింది. ఆవిడ ఆరో స్టెప్పులో బటన్ నొక్కింది. తర్వాత కింది డబ్బా చదివింది.

"అయ్యో," అంది.

నెల రోజులు పట్టింది. చాలా గమనికలు చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే. వాటిని కొట్టేసింది. పనులు చెప్పేవాటికి నంబర్లిచ్చింది. నిజంగా ప్రమాదం ఉన్నవి పంతొమ్మిదే మిగిలాయి. వాటిని స్టెప్పుకు ముందు, బటన్ మీద చెయ్యి పడేలోపు కంటబడేలా, రెండేసి ముక్కల్లో రాసింది.

కొత్త మాన్యువల్ వచ్చాక, పక్క పేటలోని చిన్న లైబ్రరీలో కొత్తగా చేరిన గుమాస్తా దాన్ని చూసి, సభ్యత్వాలు మూసే ఆ పనే చేశాడు. ఎలా చేస్తాడో చూద్దామని వెళ్లిన వదిన అతని వెనక చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా నిలబడింది. పని పూర్తికాగానే ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"ఏమైంది వదినా?" అంది ఆమె కంగారుగా.

"ఏమీ కాలేదే! అది చెబుదామనే చేశాను."