ధ్యాస తప్పిందట

ఆ ఆసుపత్రి లాండ్రీలో అందరికీ ఆమె పెద్దక్క. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు ఇద్దరున్నా, పందొమ్మిదేళ్ళుగా ఒకే ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడినందుకు ఆ పేరు ఆమెకే దక్కింది. ఉతికి పిండిన దుప్పట్లు సగం తడితో బండ్లలో వస్తాయి. ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, ముడతలు లాగి, తిరుగుతున్న వేడి రోలర్ కిందికి అందిస్తారు. అవతలి పక్కనుంచి అవి ఆరిపోయి, చదునుగా, వెచ్చగా బయటికొస్తాయి. చేతులు రోలర్‌కు మరీ దగ్గరగా పోతే తగిలేలా ముందువైపు ఒక సన్నటి ఇనుప కడ్డీ ఉంటుంది. వేలు దానికి తగిలిందంటే మిషన్ టక్కున ఆగిపోతుంది.

ఆ కడ్డీ వదులైంది. ఎవరూ ముట్టుకోకపోయినా కదిలి, గంటకు నాలుగుసార్లు మిషన్ ఆపేసేది. బాగుచేయించమని పెద్దక్క మూడుసార్లు చెప్పింది. ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు స్వయంగా వచ్చి, కడ్డీ కదలకుండా తీగ చుట్టి బిగగట్టి, ఇక మీకు ఏ గోలా ఉండదని చేతులు దులుపుకుని వెళ్ళాడు.

పదకొండు రోజులు నిజంగానే ఏ గోలా లేదు. పన్నెండో రోజు చిట్టి కుడిచెయ్యి రోలర్ కిందికి పోయింది.

చిట్టి ఆరేళ్ళుగా పెద్దక్కకు ఎదురుకొసన నిలబడి దుప్పట్లు అందించేది. నాలుగేళ్ళ కూతురు తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు. మనిషి సన్నగా ఉన్నా పనిలో మెరుపు. ఆ రోజు పెద్దక్క పరుగున వెళ్ళి ఎర్ర బటన్ నొక్కేసరికి జరగాల్సింది జరిగిపోయింది. డాక్టర్లు చెయ్యి నిలబెట్టగలిగారు గానీ మూడు వేళ్ళు ఇక మడవడానికి లేకుండా పోయాయి.

అదే సాయంత్రం సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. దుప్పటి అందించే సమయంలో సదరు ఉద్యోగిని ధ్యాస తప్పినందువల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. కింద సాక్షి సంతకానికి చోటుంది. ఈ కాగితం పైకి వెళ్తేగానీ చిట్టికి సెలవు మంజూరు కాదని, తొందరగా కానివ్వమని అన్నాడు. ధ్యాస అన్న మాట పెద్దక్క కంటపడకపోలేదు. కంటపడింది, చదివింది, అయినా సంతకం పెట్టింది.

మర్నాడు పెద్దాఫీసు నుంచి మనుషులు వచ్చి రోలర్ చూశారు. కడ్డీకి తీగ లేదు. వాళ్ళు వెళ్ళిన గంటకు మళ్ళీ తీగ వచ్చింది.

మూడు వారాల తర్వాత గోడమీద నోటీసు అంటించారు. ఉద్యోగుల మనసు నిలకడగా ఉండేందుకు యాజమాన్యం ధ్యానం తరగతులు ఏర్పాటు చేసిందట. షిఫ్టుకు అరగంట ముందే రావాలట, అందరూ తప్పనిసరిగా. పిల్లల్ని బడికి తయారుచేసి పరుగెత్తుకుంటూ వచ్చే ఆడవాళ్ళు ఆ నోటీసు చదివి, మనసు కుదురుగా లేనిది మనకేనా అని లోపల్లోపల ఉడికిపోయారు. ఉతికిన మూటలు పేర్చే గదిలో ఇరవై కుర్చీలు వేశారు. ధ్యానం నేర్పడానికి ఒకాయన వచ్చాడు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిన మనిషట. మాస్టారని పిలవడం మొదలుపెట్టారు.

ఆయన మీద కూడా కోపంగా ఉండాలనే పెద్దక్క మొదటిరోజు వెళ్ళి కూర్చుంది. కానీ ఆయన ఉపన్యాసాలేవీ దంచలేదు. కళ్ళు మూసుకోండి, ఊపిరి వస్తూ పోతూ ఉంటే గమనించండి, మనసు పక్కకు పోతే దాన్ని తిట్టకండి అన్నాడు. ఎక్కడికి పోయిందో చూసుకుని, ఆ చోటు పేరు లోపల ఒకసారి అనుకుని, మళ్ళీ ఊపిరి దగ్గరికి రమ్మన్నాడు. ఏ పనైనా అప్పజెప్పితే సరిగ్గా చెయ్యకుండా ఉండలేని మనిషి పెద్దక్క. చెప్పినట్టే చేసింది. మనసు మొదట మోకాలి నొప్పి దగ్గరికి పోయింది. పొయ్యిమీంచి పాలు దించానో లేదో అని ఇంటికి పోయింది. వెనక కుర్చీలో ఎవరో గురక పెడుతుంటే నవ్వు దగ్గరికి పోయింది. నాలుగైదు రోజులకు ఆ చిల్లర తిరుగుళ్ళన్నీ తగ్గాయి. ఆ తర్వాత ఎప్పుడు పోయినా ఒక్కచోటికే పోవడం మొదలుపెట్టింది. కడ్డీ, దానికి చుట్టిన తీగ. ఊపిరి దగ్గరికి తెచ్చి కూర్చోబెడితే నాలుగు క్షణాలు కూడా నిలవకుండా మళ్ళీ అక్కడికే.

ఒకరోజు అందరూ లేచి వెళ్ళాక ఆమె మాస్టారి దగ్గర ఆగింది. పదిసార్లు పోతే ఎనిమిదిసార్లు ఒకే చోటికి పోతోందని చెప్పింది.

"దాన్ని కూడా మనసు తిరగడమే అంటారా మాస్టారూ?"

ఏ చోటికని ఆయన అడిగాడు. ఆమె చెప్పలేదు. ఆయన, "అయితే అది కూర్చుని తీర్చుకునేది కాదమ్మా. కళ్ళు తెరిచాక అక్కడికి వెళ్ళి చూడండి" అన్నాడు.

ఆ ఆదివారం ఆమె చిట్టి ఇంటికి వెళ్ళింది. ఒక్క గది ఇల్లు. చిట్టి మంచం అంచున కూర్చుని, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కూతురి గౌను బొత్తాలు పెట్టడానికి అవస్థ పడుతోంది. పెద్దక్క సాయానికి వంగితే వద్దంది, అలవాటు కావాలిగా అంది. మాటల్లో ఆ ధ్యానం సంగతి వచ్చింది. తరగతికి రాలేకపోయినా ఇంట్లో చేసుకోమని సూపర్‌వైజరు కబురు పెట్టాడట. రోజూ పొద్దున్న కూర్చుంటోందట.

"నా మనసు ఒక్కచోట ఉండదక్కా. ఆ రోజు పాపకి జ్వరం. దాని గురించే ఆలోచిస్తూ దుప్పటి అందించా. నాదే తప్పు. ఇకనుంచైనా కుదురుగా ఉండటం నేర్చుకోవాలి."

ఆ మాటలు చిట్టి ఏ కష్టమూ లేకుండా, ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతిలా అంది. పెద్దక్కకు ఒళ్ళంతా మంటెత్తింది. చెయ్యి పోగొట్టుకున్న మనిషి చేతనే తప్పు ఒప్పించారు, పైగా దాన్ని రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని వల్లె వేయిస్తున్నారు. ఆ అబద్ధం కింద ఉన్న సంతకం తనది. అక్కడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పాప ఎదురుగా నిలబడి తల్లివైపే చూస్తోంది. చెప్పలేక లేచి వచ్చేసింది. దారంతా సూపర్‌వైజర్ని తిట్టుకుంటూ నడిచింది. ఇల్లు చేరేసరికి ఆ తిట్లలో సగం తనకే తగులుతున్నాయి.

మంగళవారం తరగతి చూడడానికి పెద్దాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. వెంట ఫోటోలు తీసే మనిషి. సూపర్‌వైజరు ముందు వరుసలో సీనియర్లని కూర్చోబెట్టాడు. ధ్యానం అయిపోయాక అధికారి నవ్వుతూ పెద్దక్కవైపు తిరిగి, ఇప్పుడు మనసు ఎలా ఉందమ్మా అని అడిగాడు.

పెద్దక్క లేచి నిలబడింది.

"బాగానే పనిచేస్తోంది సార్. రోజూ సరిగ్గా మా రోలర్ దగ్గరికే పోతోంది. దాని కడ్డీకి తీగ కట్టేసి ఉంది. చిట్టి చెయ్యి పడిన రోజూ ఉంది, ఇవాళా ఉంది. మీవాళ్ళు చూడడానికి వచ్చిన ఆ ఒక్క గంటే లేదు."

సూపర్‌వైజరు అడ్డొచ్చి, ఇవి ఇక్కడ మాట్లాడే విషయాలు కావని, ఆమె ఆరోగ్యం ఈమధ్య బాగుండటం లేదని అన్నాడు. అధికారి గడియారం చూసుకుని, రాసి ఇస్తే పరిశీలిస్తామన్నాడు. పెద్దక్క కూర్చోలేదు.

"ధ్యాస తప్పిందని రాశారు. సాక్షి సంతకం నేనే పెట్టాను, సిగ్గులేకుండా. బిడ్డకి జ్వరమొస్తే తల్లి ధ్యాస బిడ్డమీద కాక దుప్పటిమీద ఉంటుందా సార్? మనిషన్నాక మనసు పోతుంది. పోయినా చెయ్యి పోకూడదనేగా ఆ కడ్డీ పెట్టింది. దాన్ని కట్టేసినవాళ్ళని వదిలేసి, మమ్మల్ని కళ్ళు మూసుకోమంటారా?"

ఫోటోల మనిషి కెమెరా దించేశాడు. అప్పుడు మాస్టారు లేచి, మిషన్ పక్కగదిలోనే కదా, చూసి రావడానికి ఎంతసేపు అని మెల్లగా అన్నాడు. చెప్పులేసుకుని ఆయనే ముందు నడిచాడు. ఆయన వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళు లేచారు. ఇక అధికారికి వెళ్ళక తప్పలేదు.

తీగ ఉంది. మూడు చుట్లు చుట్టి, కొసలు మెలిపెట్టి ఉంది. అధికారి దాన్ని వేలితో తాకి చూశాడు. ఫోటోల మనిషి ఎవరూ చెప్పకుండానే దాన్ని ఫోటో తీశాడు.

పెద్దక్క ఆ పూటే కాగితం రాసింది. పాత సంతకం తాను తెలిసి పెట్టిన అబద్ధమని, దాన్ని కొట్టేయమని రాసి, కింద తేదీ వేసి ఇచ్చింది. విచారణ మళ్ళీ మొదటినుంచి జరిగింది. నెలన్నర పట్టింది. ధ్యాస అన్న మాట కొట్టేసి, రక్షణ కడ్డీ పనిచేయనందువల్ల అని మార్చారు. పనిచేయనివ్వనందువల్ల అని రాయమని పెద్దక్క పట్టుబట్టింది గానీ రాయలేదు. కొత్త కడ్డీ వచ్చింది. సూపర్‌వైజర్ని వేరే విభాగానికి మార్చారు, జీతం తగ్గకుండా. ధ్యానం తరగతులు ఆగిపోయాయి. మాస్టార్ని మళ్ళీ రమ్మని ఎవరూ పిలవలేదు.

చిట్టికి ఆ సంగతంతా పెద్దక్కే వెళ్ళి చెప్పింది, సంతకంతో సహా. చిట్టి నెమ్మదిగా అంది.

"ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నా. పాప ముందు ఏడవకూడదని స్నానాల గదిలోకి పోయి తిట్టుకున్నా. కారణం ఆ తీగేనని నీకు తెలుసు. తెలిసి ఊరుకున్నావు."

అధికారి ముందు అంత ధాటిగా మాట్లాడిన పెద్దక్క లేచి బయటికి నడిచింది. చిట్టి తలుపు దాకా కూడా రాలేదు.

తర్వాత చిట్టికి దుప్పట్లలో చిరుగులు చూసి వేరుచేసే బల్ల దగ్గర కూర్చునే పని ఇచ్చారు. అందరితో నవ్వుతూ మాట్లాడేది. పెద్దక్కతో మాత్రం పని మాటలే, అవీ తలెత్తకుండా. ఆ కోపం న్యాయమైనదేనని పెద్దక్కకు తెలుసు గనక క్షమించమని అడిగి దాన్ని తేలిక చేయలేదు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర చిట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. కూర్చునే పని తాత్కాలికమేనని, వచ్చే నెల నుంచి మళ్ళీ నిలబడే పనికి రావాలని, లేదంటే మానుకోమని ఆఫీసులో అన్నారట. గురువారం ఆఫీసుకు వచ్చి మాట్లాడమన్నారట.

"నువ్వు రావాలి. నాకు నీమీద కోపం పోలేదు. అయినా రావాలి."

"వస్తాను" అంది పెద్దక్క.

"ఈసారి నేను మాట్లాడతాను. నేను తడబడితేనే నువ్వు అందుకో."

సరేనంది పెద్దక్క. చిట్టి ఎడమచేత్తో డబ్బా మూత తిప్పడం మొదలుపెట్టింది. పెద్దక్క సాయం చెయ్యబోయి, ఆగి, తన అన్నం తాను తిన్నది.