ఉప్పు డబ్బా, మిరియాల సీసా

ఆదివారం భోజనాలయ్యాక అన్నదమ్ములిద్దరూ బల్ల మీదే బాక్సింగ్ పోటీ పెట్టేవారు. ఉప్పు డబ్బా నలుపు తెలుపు ఫిల్ముల నాటి హెవీవెయిట్ ఛాంపియన్, అన్నగారి మనిషి. మిరియాల సీసా ఇప్పటి ఛాంపియన్, తమ్ముడి మనిషి. ఒకరు పోయాక పుట్టిన ఇంకొకరు ఎలా తలపడతారని వదినగారు అడిగితే, ఇద్దరూ ఆవిడకేసి జాలిగా చూసేవారు.

అన్నగారు పోయాక మరిది ఇవాళే మొదటిసారి భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కొచ్చి, మిరియాల సీసాను మెల్లగా పడుకోబెట్టాడు.

"అన్నయ్యే రైటు వదినా. పాతాయనే గెలుస్తాడు."

ఆవిడ పడుకున్న సీసాకేసి చూసింది. వాదన తెగిపోతే వచ్చే ఆదివారం ఈ బల్ల దగ్గర పోయిన భర్త ఊసెత్తేదెవరు?

ఆవిడ సీసాను లేపి నిలబెట్టింది. "జాలిపడి ఓడిపోతావా? మావాడికి ఎంత అవమానం! ఆడు, సరిగ్గా ఆడు."

"నీకు బాక్సింగ్ ఏం తెలుసు వదినా?"

"మీ అన్నయ్యకి మాత్రం ఏం తెలుసు?"

మరిది ముక్కు ఎగబీల్చి, సీసాను ముందుకు జరిపాడు. "అయితే కాచుకో. మీవాడికసలు కాళ్లే కదలవు."

"అలా అను," అంటూ ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, భర్త కుర్చీలో కూర్చుని ఉప్పు డబ్బా అందుకుంది.