మొదటి సేరు

పూతలపట్టు దగ్గర నలభై మంది రైతులు కలిసి మామిడిగుజ్జు తీసే చిన్న కంపెనీ ఒకటి పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు మునస్వామి. షేరుని ఊరంతా సేరనే అంటుంది, ఆయనా అంతే. ఈ ఏడు మొదటిసారి లాభం వచ్చిందని తెలియగానే ఆయన తిరుపతికి పోయి, భార్య చంద్రకాంతమ్మకు చెవి మిషను బేరమాడి వచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! రెండేళ్లుగా ఆమెకు అరిస్తే తప్ప వినపడదు. చూసేవాళ్లకు పెళ్లాం మీద అరిచే మొగుడిలా కనపడుతున్నానని ఆయనకు మహా బాధ.

తీరా సర్వసభ్య సమావేశంలో, లెక్కలు చూసే ధరణి లేచి, లాభమంతా ఇంకా అమ్ముడుపోని గుజ్జు డ్రమ్ముల్లోనే ఉందని చెప్పింది. డివిడెండు పంచాలంటే అప్పు తేవాలట.

"సూళ్లూరుపేట పక్క పెద్ద కంపెనీ ఏటా ఇస్తాండాదే!" అన్నాడు దామోదరం.

"వాళ్లకి ఒక ఏడు పోయినా తట్టుకునే నిల్వ ఉండాది. బ్యాంకులే ఎదురొచ్చి ఇస్తాయి. మనకి బాయిలర్ చెడితే దిక్కు లేదు" అంది ధరణి. "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయితాది."

"కాయితంలో లాభమని రాసినారు గదా, పంచేదానికేం?" అన్నాడు దామోదరం.

అందరూ మునస్వామి వైపు చూశారు. పంచమంటే మిషను, వద్దంటే కంపెనీ. ఆయన చివరికి లేచాడు.

"కళ్లంలో వడ్లు సేరుతో కొలిచేటప్పుడు ఒకటి అంటామా అప్పా? లాభం అంటాం. లాభం, రెండు, మూడు... మనదింకా మొదటి సేరే. దాన్నే ఇంటికి ఎత్తుకుపోతే రెండనేది యాడినుంచి వస్తాది? డబ్బు కంపెనీలోనే ఉంచుదామనేవాళ్లు చెయ్యెత్తండి."

అందరికన్నా ముందు లేచింది, తన పేరా ఒక సేరున్న చంద్రకాంతమ్మ చెయ్యి. పాపం, వినపడక ఎత్తిందనుకున్నాడు. ప్రాణం ఉసూరుమంది. దిగివచ్చి ఆమె చెవిలో అరిచాడు. "ఇది డబ్బు వద్దనేదానికే! నీ మిషను రాదు!"

"తెలుసులే. నీ మొగం చూస్తానే తెలిసింది. అట్ల అరవబాక." ఆమె నవ్వింది. "ఇంకో ఏడాది నీ గురక బాధ లేదు నాకు."

సభంతా ఘొల్లుమంది. ఒక్కొక్క చెయ్యీ లేచింది. మునస్వామికి కళ్లు మసకబారి చేతులు కనపడలేదు, ధరణే లెక్కపెట్టింది. ఆయన, భార్య పక్కన కూలబడి, ఆమెకు వినపడదని తెలిసీ మెల్లగా ఏదో చెప్పాడు.

ఆమె "ఊ" అంది.