ఖాళీ బండి లెక్క

మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఇవి: ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ బండి, ఇంకెవరూ బండి ఎక్కించడానికి సాహసించని ఒక కొండదారి, ఆ దారి చివర కోడిపిల్లలు పొదిగించి అమ్మే ఒక పెద్దావిడ. ఆమెకు కావలసిన గుడ్లూ దాణా బస్తాలూ అతనే చేరవేసేవాడు. ఇవి కాక భార్య తరఫున ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు మెకానిక్కు. చిన్నవాడిదీ గుడ్ల వ్యాపారమే. పెద్దవాణ్ని లాభం కిందా, చిన్నవాణ్ని గండం కిందా అతను మనసులో ఏనాడో జమకట్టేశాడు. బజార్లో అందరూ అతన్ని లెక్కలాయన అనేది ఊరికే కాదు.

వాగు దాటేచోట రాళ్లు బండి పొట్టకు గీసుకుంటున్నాయని బండిని ఎత్తు చేయించాడు. ఇరుసు మీద బరువు మోసే పాత కమాన్ కట్టలు తీసి, వంపు ఎక్కువున్న కొత్తవి బిగించే ముందు మెకానిక్కు అడిగాడు.

"ఎంత బరువేస్తారు బావగారూ?"

"ఎంతేముంది బావా, ఏవో నాలుగు సంచులు."

గుడ్ల అట్టలు కాక బస్తాలే పన్నెండు. కానీ సరుకు ఎంతో చెబితే గిరాకీ ఎంతో తెలిసిపోతుంది. అది కాస్తా చిన్నవాడి చెవిన పడితే ఇక చెప్పేదేముంది? అందుకే మెకానిక్కు షెడ్డుకు వెళ్లే ముందు బండిని ఊడ్చి, కడిగి మరీ తీసుకెళ్లేవాడు.

ఎత్తయిన బండి వాగును దర్జాగా దాటింది. ఆ తర్వాతి ఎక్కుడులో మొదలైంది అసలు తంటా. కాళ్ల కింద నుంచి ఒక వణుకు బయల్దేరి సీటులోకి, స్టీరింగులోకి, పళ్లలోకి పాకింది. గుడ్లు ఒక్కటీ పగల్లేదు. పగిలినా బాగుండేది, నష్టం అక్కడికక్కడే కనబడేది. కొన్నాళ్లకు పెద్దావిడ పిలిచి పొదిగే అరలు తెరిచి చూపించింది. సగానికి సగం గుడ్లలో పిల్ల లేవలేదు.

"లోపల కదిలిపోయాయి బాబూ. ఇంకో విడత ఇలాగే వస్తే నేను వేరే మనిషిని చూసుకోవాలి. కోపం కాదు, నా పొట్టా గడవాలిగా."

వేరే మనిషంటే ఎవరో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మెకానిక్కు బండి కిందికి దూరాడు. గేరుపెట్టె నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే షాఫ్టుకు రెండు కొసల్లోనూ కీళ్లలా వంగే క్రాసులుంటాయి. "ముందు క్రాసు ఎంత వంగితే వెనకదీ అంతే వంగాలి. అప్పుడు దీని కుదుపును అది కొట్టేస్తుంది. బండి ఎత్తు చేశాం కదా, ఆ లెక్క తప్పింది" అన్నాడు. జమా ఖర్చూ సరిపోవడం లాంటిదన్నమాట అనుకుని లెక్కలాయన సంతోషించాడు. ఒకవైపు దళసరిగా, ఇంకోవైపు పలచగా ఉన్న ఇనుప దిమ్మలు ఇరుసుకూ కమాన్లకూ మధ్య పెట్టి, మెకానిక్కు షాఫ్టు తగులుకునే ఇరుసు మూతిని కాస్త పైకి తిప్పాడు. ఇద్దరూ కలిసి బండి నడిపి చూశారు. వెన్నలా సాగింది.

కొండ ఎక్కితే మళ్లీ అదే వణుకు.

రెండోసారి క్రాసులు మార్చారు. మూడోసారి షాఫ్టు విప్పి, వంకర ఉందేమోనని తిప్పి చూశారు. షెడ్డు నుంచి బయల్దేరిన ప్రతిసారీ బండి బుద్ధిగానే ఉండేది.

"బండికి లేదు బావగారూ వణుకు. మీకే జ్వరమేమో, ఓసారి చూపించుకోండి" అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుని నవ్వుతూ.

ఆ నవ్వు లెక్కలాయనకు ముల్లులా గుచ్చుకుంది. తమ్ముడి కోసం అన్న కావాలనే ఇలా చేస్తున్నాడా? ఇంట్లో ఆ మాట అననైతే అనలేదు గానీ, అన్నం ముందు మొహం ముడుచుకుని కూర్చున్నాడు. భార్య కనిపెట్టింది. మర్నాడు తనూ బండెక్కి, ఒక గుడ్ల అట్ట ఒళ్లో పెట్టుకుంది. ఎక్కుడులో అట్ట ఆమె చేతుల్లో గజగజలాడింది. సరుకు దించి వెనక్కి వస్తుంటే ఖాళీ అట్ట ఒళ్లో కదలకుండా ఉంది.

"ఏమండీ, ఇప్పుడు వణకట్లేదేం?"

"ఖాళీ బండి కదా."

"మరి బరువు సంగతి అన్నయ్యకు ఏం చెప్పారు?"

అతను గేరు మార్చాడు. మార్చాల్సిన అవసరం లేదు.

"నాలుగు సంచులన్నాను."

"బాగుంది! డాక్టరు దగ్గరికెళ్లి కడుపునొప్పి దాచుకుని, కాలు చూపించి వచ్చారన్నమాట!" అని ఆమె పగలబడి నవ్వింది. కాసేపటికి నవ్వాపి, "మా వాళ్ల దగ్గర కూడా బేరమేనా?" అంది.

ఆ రాత్రి రెండు నష్టాలను పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. చెబితే గిరాకీ పోవచ్చు. చెప్పకపోతే పోయి తీరుతుంది. పోవచ్చన్నదే చవక.

పొద్దున్నే నిండు బండితో షెడ్డు ముందు ఆగాడు. బస్తాల బరువుకు కమాన్లు చదునయ్యాయి, వెనకభాగం కిందికి కూర్చుంది. మెకానిక్కు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నాలుగు సంచులు బాగా పిల్లలు పెట్టినట్టున్నాయే!"

"తిట్టు బావా, పడతాను. కానీ ఈ సంగతి మీ తమ్ముడికి..."

మెకానిక్కు మొహంలో నవ్వు పోయింది. "వాడి బండి కిందికి దూరేదీ నేనే. వాడి సరుకు ఎటు పోతుందో ఎన్నిసార్లు కూపీ లాగారు నా దగ్గర? ఒక్కసారైనా చెప్పానా?"

నిజమే. టీ తాగించి మరీ అడిగాడు. ఒక్క ముక్క రాలలేదు. అప్పుడు ఆ మనిషిని మొండిఘటం అనుకున్నాడే గానీ, ఆ మొండితనం తన పక్షాన కూడా కాపలా కాస్తోందని తట్టలేదు.

బరువు దించకుండానే మెకానిక్కు రెండు క్రాసుల వాలూ కొలిచాడు. బరువుకు ఇరుసు మూతి పైకి తిరిగింది, పాత దిమ్మలు దాన్ని ఇంకా పైకి తిప్పేశాయి. వాటిని తీసి పలచనివి పెట్టాడు.

"ఒకటి చెప్తున్నా. నిండు బండికి సరిచేశాను కాబట్టి ఖాళీగా వచ్చేటప్పుడు కాస్త జుమ్మంటుంది. రెండూ కుదరవు."

"ఖాళీగా ఉన్నప్పుడు వణికేది నేనొక్కణ్నే కదా, ఫర్వాలేదు."

ఆ విడతలో అరలు తెరిచేసరికి పెద్దావిడ గదంతా కిచకిచలే. వేరే మనిషి మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. తిరుగు దారిలో బండి సన్నగా జుమ్మంటుంటే అతను తుది లెక్క చూసుకున్నాడు. నష్టం: దిగుడులో కాస్త వణుకు, దాచుకున్న రహస్యం ఒకటి చేజారడం. లాభం: గిరాకీ నిలబడింది, బరువు ఎంతంటే ఉన్నదున్నట్టు చెప్పుకోగలిగిన మనిషి ఒకడు దొరికాడు.