మూడో సెట్టు

ఉతికి ఆరేసిన క్రేప్ బ్యాండేజీలు చుట్టడానికి కూర్చుని చాలాసేపయినా ఆమెకు ఒక్కటీ కుదరడం లేదు. చివరికొచ్చేసరికి మెలిపడుతోంది. విప్పి మళ్లీ మొదలుపెడుతోంది. ఇంతలో అత్తగారు కాఫీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఆమె గుండె గుభేలుమంది. కాపురానికొచ్చి ఐదేళ్లయింది. అందరికీ కాఫీలు అందించడమే తప్ప, తను కూర్చున్న చోటికి కాఫీ నడిచి రావడం ఎప్పుడూ ఎరగదు.

"తాగమ్మా. నాలుగు గుక్కలు పడితే గొంతు వణక్కుండా ఉంటుంది," అంది అత్తగారు. "గుర్తుందిగా? 'నేనెవరితోనూ అనలేదండీ' అను, అంతే. అంతకు మించి ఒక్క ముక్క వద్దు."

ఆ పూట కాలేజీలో విచారణ. ఆమె అక్కడ వాలీబాల్ జట్టుకు ఫిజియోథెరపిస్టు. చీలమండలకు టేపు చుడుతుంది, పట్టేసిన కండరాలు సాగదీయిస్తుంది, ఎవరు ఆడొచ్చో ఎవరు కూర్చోవాలో కోచ్‌కి చెబుతుంది. ఏళ్ల తరబడి కష్టపడి చదివిన ఆ చదువుని ఈ ఇంట్లో ఒక్క మాటలో తేల్చేశారు, కాళ్లు పిసికే ఉద్యోగమని. ఇంటికెవరొచ్చినా భర్తగారి జోకు ఒకటి సిద్ధంగా ఉంటుంది. "మా ఆవిడ పొద్దస్తమానం కుర్రాళ్ల కాళ్లు పడుతుందండీ. నా కాళ్ల దగ్గరికొచ్చేసరికే ఓపిక అయిపోతుంది." వచ్చినవాళ్లు నవ్వుతారు. ట్రేలో గ్లాసులు ఒలక్కుండా చూసుకుంటూ ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే సరదా తెలియని మనిషన్న బిరుదు ఒకటి అదనం.

మరిది అదే జట్టులో సెట్టర్. స్మాష్ కొట్టేవాళ్లకు బంతి లేపి ఇవ్వడం అతని పని. ఏ బంతి ఎవరికివ్వాలన్నది అతని చేతిలోనే ఉంటుంది. కాలేజీలో ఎదురుపడితే వదినని చూడనట్టు వెళ్లిపోయే ఆ అబ్బాయి, ఈ సీజను మొదలయ్యాక ఉన్నట్టుండి మారిపోయాడు. "వదినా, ఇవాళ నీ దగ్గరికి ఎవరెవరొచ్చారు?" అని భోజనాల దగ్గర అడగడం మొదలుపెట్టాడు. అతను అడగ్గానే భర్త టీవీ గొంతు తగ్గించేవాడు. "గిన్నెలెక్కడికీ పోవు, కూర్చుని చెప్పు," అనేది అత్తగారు. పిచ్చిమొహం, ఎంత పొంగిపోయిందో! ఇన్నాళ్లకి ఈ ఇంట్లో ఆమె పని ఒక పనిగా కనిపించింది కదా. లోపల మూటకట్టుకున్న మాటలన్నీ గలగలా బయటపెట్టేది. ఎవరి మోకాలు వాచింది, ఎవరి నడుం పట్టేసింది, ఎవరు నొప్పి దాచుకుని ఆడుతున్నారు అన్నీ చెప్పేది. పళ్లెంలో అన్నం చల్లారిపోయినా పట్టించుకునేది కాదు.

అలా ఓరోజు పొడుగు సంగతి కూడా చెప్పేసింది. జట్టులో అందరికంటే ఎత్తుండే స్మాషర్‌ని అందరూ పొడుగనే పిలుస్తారు. అతని భుజంలో కండర బంధం కొద్దిగా చిరిగింది. ఆడకపోతే ఫీజు రాయితీ పోతుందని, సెమీఫైనల్ ఒక్కటీ అయ్యేదాకా కోచ్‌కి చెప్పొద్దని ఆమె కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె మనసు కరిగింది. కరక్కూడదు, అయినా కరిగింది. "రెండు సెట్లు ఆడు. మూడో సెట్లో ఆ చెయ్యి పైకి లేవదు. అప్పుడు నువ్వే చెప్పి బయటికొచ్చెయ్," అని మాట తీసుకుని టేపు వేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "మూడో సెట్లోనా? ఖాయమా వదినా?" అని మరిది రెట్టించి అడిగాడు. ఆటగాడి మీద ఎంత శ్రద్ధో అనుకుంది.

సెమీఫైనల్‌కి భర్త కూడా వచ్చాడు. ఆమె పనిచేసే చోటికి అతను రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నవాణ్ణి, కోర్టు పక్కనుంచి ఆమె మాటిమాటికీ తిరిగి చూసింది. ఐదు సెట్ల మ్యాచ్‌లో జట్టు వరసగా రెండు సెట్లు గెలిచింది. హాలంతా చప్పట్లతో హోరెత్తిపోతుంటే ఆయనొక్కడే తలొంచుకుని ఫోన్లో ఏదో నొక్కుతున్నాడు. ఆఫీసు పని కాబోలు, పాపం, అనుకుంది. మూడో సెట్టు మొదలైంది. మరిది ప్రతి బంతీ పొడుగుకే లేపాడు. కోర్టు రెండో అంచున తమ జట్టువాడే ఇంకొకడు, ఎదురుగా అడ్డుకునేవాళ్లెవరూ లేక, చెయ్యెత్తి నాకివ్వరా నాకివ్వరా అని అరుస్తున్నా, మళ్లీ పొడుగుకే. బంతి గాల్లో ఉంటే కొట్టకుండా వదిలేయడం పొడుగుకి చేతకాదు. ఎగిరాడు, కొట్టాడు, మళ్లీ ఎగిరాడు. ఆమె లేచి కోచ్ దాకా వెళ్లేలోపే భుజం పట్టుకుని కింద పడ్డాడు. ఆ అరుపు ఇప్పటికీ ఆమె చెవిలోనే ఉంది. తర్వాత జట్టు మరి కోలుకోలేదు, మిగిలిన మూడు సెట్లూ, మ్యాచ్ కూడా పోయాయి.

గెలుస్తున్న జట్టు ఓడిపోతుందని రెండో సెట్టు అవగానే ఎవరో పెద్ద పెద్ద పందేలు కాశారని తర్వాత బయటపడింది. కాలేజీ లెక్కలో భుజం సంగతి తెలిసింది పొడుగుకీ, ఆమెకీ మాత్రమే. విచారణకు రమ్మని ఇద్దరికీ పిలుపొచ్చింది. ఆ మాట ఆమె ఇంట్లో చెప్పినప్పుడు, పందేలేమిటి అని ఎవరూ అడగలేదు. చేతిలో ముద్దలు చేతిలోనే ఆగిపోయాయి. ముందుగా నోరు తెరిచింది అత్తగారు.

"మన చిన్నోడికేం కాదుగా?"

ఆమె ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురి మొహాలూ చూసింది. టీవీ గొంతు తగ్గించిన చెయ్యి, గిన్నెలెక్కడికీ పోవన్న నోరు, ఖాయమా వదినా అన్న ప్రశ్న, తలొంచుకుని ఫోను నొక్కిన మనిషి. ఆ పళ్లేల ముందు తను మురిసిపోతూ చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్లకు కావలసింది ఆమె కాదు, ఆమె చేతికి తెలిసిన సంగతులు.

"జట్టులో ఇంకా ఇద్దరు ముగ్గురు పందేలు కాస్తారు వదినా. నేనొక్కణ్ణే కాదు," అని మరిది ఏడ్చేశాడు. "దొరికితే ఆటలోంచీ కాలేజీలోంచీ శాశ్వతంగా గెంటేస్తారు. అందుకే అన్నయ్య ఫోన్లోంచి..."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు భర్త. ఆమె వైపు తిరిగాక మాత్రం గొంతులో తేనె పోసుకున్నాడు. "చూడు, ఒక్క మాటతో పోయేదానికి ఇంత కంగారెందుకు? ఎవరితోనూ అనలేదను. నీకు ఉద్యోగం ఉంటుంది. ఇల్లూ ఉంటుంది."

"మరి పొడుగు? నేను చెప్పలేదంటే, అతనే ఆ సంగతి అమ్ముకున్నాడనుకుంటారు కదండీ."

"వాడెవడు మనకి?"

ఇల్లూ ఉంటుంది అన్న ఆ మాట దగ్గరే ఆమె భయం చిక్కుకుపోయింది. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అదే మరీ భయంగా ఉంది. వంటింట్లో వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడితే చాలు, ఉలిక్కిపడుతోంది. భర్త పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి ఎంత బరువుందో లోలోపల తూచుకుంటోంది. ఇక్కణ్ణుంచి పొమ్మంటే ఎక్కడికెళ్తుంది? అన్నయ్య ఇంట్లో హాల్లో సోఫా మీదికి, రెండో రోజుకే మొదలయ్యే వదినగారి నిట్టూర్పుల మధ్యకి. కోచ్‌కి గాయం దాచినందుకు ఉద్యోగం పోవడం ఖాయం. రోగి చెప్పుకున్న రహస్యాన్ని కూరన్నంలో కలిపి వడ్డించిన మనిషికి ఇంకో చోట ఎవరిస్తారు ఉద్యోగం? నిజం చెబితే రెండూ పోతాయి. అబద్ధం చెబితే రెండూ ఉంటాయి. లెక్క ఇంత తేలిగ్గా ఉన్నందుకే ఆమెకు నిద్ర పట్టడం లేదు.

ఆ కాఫీ తాగాక ఆమెను కాలేజీకి భర్తే తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఆమె చెయ్యి వదల్లేదు. చూసినవాళ్లు ఎంత అన్యోన్యమో అనుకుని ఉంటారు. విచారణ గది బయట బెంచీ మీద, కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో పెట్టుకుని పొడుగు కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. అంత మనిషీ వారం పదిరోజుల్లో సగమైపోయాడు.

"ఎవరెవరో ఫోన్లో తిడుతున్నారు మేడమ్. వాళ్ల డబ్బు నావల్ల పోయిందట. నిన్న ఒకడు నా హాస్టల్ గది నంబరు రాసి పంపాడు. రాత్రుళ్లు తలుపుకి బల్ల అడ్డంపెట్టుకుని పడుకుంటున్నాను." గొంతు తగ్గించాడు. "నేను మా అమ్మక్కూడా చెప్పలేదు మేడమ్, ఒట్టు. మీరెలాగూ చెప్పరు. మరి ఎవరికి ఎలా తెలిసింది?"

అతను అడిగింది నిలదీసి కాదు. నిజంగా తెలియక, ఆమెకైతే తెలిసుంటుందన్న నమ్మకంతో అడిగాడు. భర్త ఆమె మోచెయ్యి నొక్కాడు. "పద, పిలుస్తున్నారు."

విచారణ చేసే ఆవిడ ఒకప్పుడు అంపైరుగా పనిచేసిందట. నెరిసిన జుట్టు, తొణకని ముఖం. ఆమెను కూర్చోమని, భర్తనూ ఉండనిచ్చింది. ఆమె మోకాళ్లు బల్ల కింద వణుకుతున్నాయి. వణుకు ఆపడానికి ఏ కండరం బిగబట్టాలో ఆమెకు బాగా తెలుసు. బిగబట్టినా ఆగలేదు.

"అబ్బాయి భుజం సంగతి మీరు ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ," అన్నాడు భర్త. "మా ఆవిడ ఇంట్లో ఉద్యోగం ఊసే ఎత్తదు. ఎత్తినా మాకేం అర్థమవుతుంది చెప్పండి, కాళ్లు పిసికే ఉద్యోగం," అంటూ నవ్వాడు.

విచారణ చేసే ఆవిడ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. ఆ జోకు దగ్గర నవ్వకుండా ఉండటం ఆమెకిదే మొదలు. ఏమీ కూలిపోలేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"నేను ఆమెని అడిగాను," అంది ఆవిడ.

బల్ల కింద భర్త చెయ్యి ఆమె మణికట్టుని పట్టుకుంది. ఆ పట్టులో బతిమాలడమూ ఉంది, బెదిరింపూ ఉంది. ఆమెకు చచ్చేంత భయం వేసింది. ధైర్యం వచ్చాక మాట్లాడదామని ఆగితే ఈ జన్మకి రాదని కూడా అర్థమైంది. మణికట్టు విడిపించుకుని, రెండు చేతులూ బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టింది. అవి వణుకుతున్నాయి. వణకనీ, అనుకుంది.

"చెప్పానండీ," అంది. గొంతు పలచగా ఉన్నా వినపడింది. "మొత్తం నాలుగు పేర్లు. మొదటిది నాదే, రాసుకోండి."