మొదటి నీళ్ళు

ఆ వీధిలో అందరూ ఆయన్ని రేజర్ల బాబాయి అంటారు. దర్జీ కొట్టు వెనక చిన్న గది, కిటికీ కింద బల్ల, బల్ల మీద తెల్లటి తువ్వాలు, దాని మీద ఎవరి తాతగారిదో విప్పేసిన పాత రేజరు. పిడి, అడుగు రేకు, మూత, మూడే ముక్కలు. "వాడితేనే వస్తువు, దాస్తే తుక్కు" అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పి, మర్నాటి నుంచి గడ్డం గీసుకోవడానికి పనికొచ్చేలా చేసి పంపుతాడు.

బాబాయికి ఒక పట్టింపు ఉంది. పాత రేజరు మరల్లో, రేకు సందుల్లో ఎండిపోయిన సబ్బు ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో వేయగానే అది కరిగి ఒక్కసారి వాసన లేస్తుంది. ఆ రేజరు వాడిన మనిషి వాసన. రెండోసారి వేస్తే రాదు. అందుకే ఆ ఇంటివాళ్ళు పక్కన లేకుండా మొదటి నీళ్ళు పోయడు. నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నవాళ్ళు ముక్కు చీదుకుంటూ వెళ్ళడం ఆ గదిలో మామూలే.

దీపం కిందే చీకటి అన్నట్టు, ఆయన సొంత నాన్న రేజరు మాత్రం బల్ల సొరుగులో, బిస్కెట్ల డబ్బాలో, ఏళ్ళ తరబడి కడగకుండా పడి ఉంది. నాన్న పోయాక అన్న దాన్ని చేతిలోకి తీసుకుని, "రేపట్నుంచి నేను దీంతోనే గీసుకుంటా" అన్నాడు. "నాన్నది ముట్టుకోకు" అని తమ్ముడైన బాబాయి లాక్కున్నాడు. మాటామాటా పెరిగింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ఇళ్ళకు రంగులు వేసే ఆ అన్న ఇప్పుడు ఊరికి అటు చివర, బాబాయి ఇటు చివర. మధ్యలో మాటల్లేవు.

ఒకరోజు డబ్బా తీసి చూస్తే అడుగు రేకు మీద పచ్చటి చిలుము. నికెల్ పూతను కొరుక్కు తింటోంది. ఇప్పుడు కడగకపోతే రేజరు దక్కదు. కడిగితే నాన్న వాసన అన్నకి దక్కదు.

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యొచ్చుగా" అంది భార్య.

"అన్నయ్య రాడు."

"ఆయన రారో, మీరు పిలవరో?"

బాబాయి డబ్బా మూత పెట్టేశాడు. ఆమె ఊరుకునే రకం కాదు, తనే ఫోన్ చేసింది. "బావగారూ, మామగారి రేజరుకి చిలుము పట్టింది. మీరొస్తేగానీ నీళ్ళు పొయ్యరు ఈయన." అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున్నే అన్న వచ్చాడు. తెల్లటి గుబురు గడ్డం, చొక్కా నిండా రంగు చుక్కలు. పలకరించకుండా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. బాబాయి గిన్నెలో నీళ్ళు పోసి మూడు ముక్కలూ మెల్లగా వదిలాడు. ఆవిరి కిటికీ వెలుగులోకి లేచి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు అక్కడే తిరిగింది. దర్జీ మిషను చప్పుడు ఎక్కడో చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది. మరల్లోంచి తెల్లటి పొర ఒకటి విడివడి నీళ్ళన్నీ పాలలా మారాయి.

బాబాయి ముఖం వంచి పీల్చాడు. తడి ఇత్తడి వాసన. మళ్ళీ పీల్చాడు. అంతే, ఇంకేం లేదు. ఇన్నేళ్ళు దాచిన డబ్బాలోనే అది ఎప్పుడో ఎగిరిపోయింది.

"వచ్చిందా?" అన్న కళ్ళు మూసుకుని అడిగాడు.

"నీకు రాలేదా?"

"రంగులూ టర్పెంటైనూ కలిసి నా ముక్కుని ఎప్పుడో చంపేశాయిరా. నువ్వు చెప్తావనే వచ్చా. వచ్చిందా, లేదా?"

బాబాయి గిన్నెలోకి చూశాడు. "వచ్చింది అన్నయ్యా."

"చెప్పు మరి."

"నిమ్మకాయ వాసన..." ముందు నోటికొచ్చింది అన్నాడు. "కొంచెం పొగ. కిటికీ గట్టు మీద అద్దం. నాన్న బుగ్గ పొంగించి అటు తిరుగుతాడు..." ఇక ఆయన కల్పించనక్కర్లేకపోయింది. "మనిద్దరి ముక్కు మీదా చెరో చుక్క నురగ పెట్టేవాడు. నీకే ముందు పెట్టాడని నేను ఏడిచేవాణ్ణి."

"ఏడవలేదు, కరిచావు" అన్నాడు అన్న, కళ్ళు తెరవకుండానే. "ఆగు. తువ్వాలు. అప్పుడే ఇస్త్రీ చేసిన తువ్వాలు... వచ్చిందిరా. వచ్చింది!"

ఆ మాటతో బాబాయి ముక్కుకీ సోకింది. గిన్నెలోంచి మాత్రం కాదు. అన్నదమ్ములిద్దరూ ఊపిరి బిగబట్టి, దాన్ని పోనివ్వకుండా కూర్చున్నారు.

తర్వాత బాబాయి వెనిగర్ అద్దిన దూదితో చిలుము తుడిచాడు. పళ్ళు తోముకునే బ్రష్షుతో మరలు శుభ్రం చేశాడు. కొత్త బ్లేడు పెట్టి, రెండు వైపులా అంచు సమంగా ఉందో లేదో వెలుగుకెత్తి చూసి, అన్న చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళు. రోజూ వాడుకో."

అన్న దాన్ని తిప్పి చూసి మళ్ళీ తువ్వాలు మీద పెట్టేశాడు. "చెయ్యి వణుకుతోందిరా ఈమధ్య. నువ్వే గియ్యి."

బాబాయి నురగ కలుపుతూ మధ్యలో ఆపాడు. "అన్నయ్యా, ముందు నాకు నిజంగా ఏ వాసనా రాలేదు."

"తెలుసులే. అబద్ధమాడితే నీ గొంతు చిన్నప్పుడూ ఇలాగే సన్నబడేది."

బాబాయి బ్రష్షు ఎత్తి, బుగ్గ కంటే ముందు అన్న ముక్కు మీద ఒక చుక్క పెట్టాడు.

"రేపూ వస్తా" అన్నాడు అన్న. "నీళ్ళు కాచి ఉంచు."